పెద్దకోడలు చూసిన జలపాతం

వారమంతా స్కూలు బస్సు నడిపే ఆ ఇంటి పెద్దకోడలికి, సెలవుల్లోనైనా స్టీరింగు ముట్టకూడదని ఉండేది. కానీ ఇంటిల్లిపాదీ కారులో సరస్సులు చూడ్డానికి బయలుదేరగానే, "నీకు అలవాటేగా!" అంటూ మొగుడు పక్కసీట్లో చేరాడు. వానలో కొండమలుపులన్నిట్లోనూ బండి ఆమే నడిపింది. సరస్సు దగ్గర అందరూ నడకకు దిగుతుంటే ఆడపడుచు, "సామాన్లున్నాయి వదినా, నువ్వు బండిలోనే ఉండవా?" అంది. రెండో సరస్సు దగ్గరా అదే పాట. మర్నాడు జలపాతం దగ్గర మొగుడు ముందురోజు తడిసిన బూట్లు ఆమె ఒళ్లో పడేసి, "ఇవి కాస్త ఆరబెట్టు" అని నడిచాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. బూట్లు బురదలోకి విసిరికొట్టి, బండికి తాళం వేసి, వానలోనే వాళ్లను దాటుకుని పైకి నడిచింది.

"ఎక్కడికే? బండెవరు చూస్తారు?"

"బండికేమైనా కాళ్లున్నాయా పారిపోవడానికి? నేను మీ పెళ్లాన్ని, డ్రైవర్ని కాను!"

జలపాతం ముందు నిలబడి, కడుపులో ఉన్న తిట్లన్నీ గొంతెత్తి తిట్టింది. ఆ హోరులో ఎవరికీ వినబడలేదు. తనివితీరా చూసి దిగేసరికి, వాన ముదిరి వెనక్కి పరుగెత్తినవాళ్లంతా బండి చుట్టూ తడిసి ముద్దయి ఉన్నారు.

"ఇంత కోపమా వదినా?"

"ఇంకా సగం కూడా చూపించలేదు."

తలుపు తీసి వెనకసీటెక్కి కాళ్లు చాపుకుంది. మొగుడే తాళంచెవి అందుకుని బండి కొండ దింపాడు. ఇల్లు చేరినా ఆమె కోపం చల్లారలేదు.