ఎర్రగీత పడని వరుస

కత్తికి భయపడని మనిషిని మీరు ఇంతవరకు చూసి ఉండకపోతే, ఇదిగో, నేనే. నలభై రెండేళ్లు సెలూన్ నడిపాను. ఎంతటి మొనగాడైనా నా కుర్చీలో తల వెనక్కి వాల్చి, గొంతు నా చేతికి అప్పగించి కళ్లు మూసుకున్నవాడే. ఒకసారి భూమి కంపించి గోడ మీది అద్దం ఊడిపడింది. నేను గీస్తున్న గడ్డం మీద గాటు పడలేదు సరికదా, ఆ గడ్డం ఆసామి గురక కూడా ఆపలేదు. అలాంటివాడికి ఆసుపత్రి ఒక లెక్కా?

చదువంటారా, మా ఊరి బడిలో ఐదో తరగతి. అయినా మూత్రపిండాల సంగతి అడగండి, పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి కూడా ముగించను. నా ఎడమ కిడ్నీలో రాయి పుట్టి, మూడేళ్ల కిందట తీశారు. బఠాణీ గింజంత ఉందని డాక్టరు అన్నాడు. నా షాపుకి చేరేసరికి అది నిమ్మకాయంత అయింది. దారిలో పెరిగినట్టుంది.

రాయి తీసినచోట వాపు వచ్చి దారి మూసుకుపోకుండా, కిడ్నీకీ మూత్రాశయానికీ మధ్య సన్నటి గొట్టం ఒకటి పెట్టారు. స్టెంటు అంటారు. జారిపోకుండా దాని రెండు కొసలూ కొక్కేల్లా వంగి ఉంటాయి. ఆరు వారాల్లో వచ్చి తీయించుకోవాలి. ఆ విభాగంలో ఒక సిస్టరు ఉంది. ఎవరికి స్టెంటు పెట్టినా పేరు, తేదీ, ఫోన్ నెంబరు లావుపాటి రిజిస్టరులో ఎక్కిస్తుంది. తీసిన రోజున ఆ వరుస మీద స్కేలు పెట్టి ఎర్రసిరాతో గీత కొడుతుంది. గీత పడలేదంటే గొట్టం ఇంకా లోపల ఉన్నట్టే. గడువు దాటితే ఫోన్లు మొదలవుతాయి. మరిచిపోవద్దు తాతగారూ, లోపల ఎక్కువకాలం ఉండకూడనిది అది, అని నాకు రెండుసార్లు చెప్పింది. నేనూ రెండుసార్లు తలూపాను.

తీయించుకోవలసిన రోజు మా ఆవిడ కూడా వస్తానంది. బళ్లు తెరిచే వారం అది. ఆమె కుట్టుమిషను పక్కన పిల్లల యూనిఫారాలు నడుమెత్తు పేరుకుని ఉన్నాయి. ఈ మాత్రానికి తోడెందుకని గీర పోయి, ఒక్కణ్ణే వెళ్లాను.

ఆ విభాగం ముందు గోడ పొడుగునా ఒక బోర్డు. కిడ్నీ రాళ్లు, ప్రోస్టేటు వాపు, మూత్రం ఆగకపోవడం, మూత్రం రాకపోవడం, పిల్లలు పక్క తడపడం, మూత్రాశయంలో కెమెరా పరీక్ష, క్యాన్సర్లు, మగవాళ్ల సమస్యలు. ఒక్కొక్క దాని కిందా ఒక్కొక్క బెంచీ. చివరి దాని కింది బెంచీ ఎప్పుడూ ఖాళీయే. అక్కడ కూర్చోవలసినవాళ్లంతా రాళ్ల బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంటారు. ఇంకో గదిలో ధార ఎంత వేగంగా వస్తుందో కొలిచే యంత్రం ఉంది. దానికోసం పెద్దమనుషులు పొట్టనిండా నీళ్లు తాగి, వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తొడలు బిగబట్టుకుని నడుస్తుంటారు. పిలిచేదాకా ఆగదు, పిలిచాక రాదు.

నా ముందు వరుసలో ఒక లారీ డ్రైవరు. వాడికీ స్టెంటే. నవ్వుకుంటూ ఆ చివరి గదిలోకి వెళ్లాడు. ఐదు నిమిషాలు తిరక్కుండానే బయటికి వచ్చి, ఏం లేదు బాబాయ్, చీమ కుట్టినట్టు ఉంటుందంతే అన్నాడు. అన్నాడు గానీ గోడ పట్టుకుని నడుస్తున్నాడు. సగం తెరిచిన తలుపులోంచి ట్రే కనపడింది. ట్రేలో సన్నగా, నిటారుగా, తళతళలాడుతూ ఒక పరికరం. అది ఏ దారిన లోపలికి వెళుతుందో నాకు అంతకుముందే వివరించి ఉన్నారు.

మొదట్లో నేను చెప్పిన మాట ఇక్కడ కొట్టేయండి. కత్తికి భయపడనిది నేను పిడి వైపు ఉన్నప్పుడే. రెండో వైపు ఉంటే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. మంచినీళ్లు తాగి వస్తానని అటెండరుతో చెప్పి లేచాను. ఆ నీళ్లు తాగి తిరిగి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఇంటికి పోయే బస్సులోనే కథ తయారైంది. ఒక డాక్టరమ్మ పట్టకారుతో పట్టుకుని లాగిందనీ, నేను రెప్ప కూడా వేయలేదనీ, ఇంత గుండె గల మనిషిని తన సర్వీసులో చూడలేదని ఆవిడ ఆశ్చర్యపోయిందనీ చెప్పాను. మా ఆవిడ మిషను ఆపి విన్నది. అంత పనిలో ఆమె కాలు ఆగడమంటే మాటలు కాదు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. షాపుకు వచ్చినవాళ్లందరికీ చెప్పాను. గొట్టం మొదటి రోజు జానెడు. వారం తిరిగేసరికి మూరెడు. నెలాఖరుకి డాక్టరమ్మ దాన్ని చేతికి చుట్టుకుని లాగుతుంటే, నర్సులిద్దరు ఆవిడ నడుం పట్టుకుని ఆసరా ఇచ్చారు. వరసకు బామ్మర్ది అయ్యే పోస్టుమాన్ ఒకడు నురగ మొహంతోనే తల తిప్పి, "బావా, మొన్న మూరెడన్నావు, ఇవాళ బారెడయింది. నీ లోపల ఇంకా పెరుగుతోందా ఏంటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజంగానే ఏదో పెరుగుతోందని ఆ వెధవకూ తెలియదు, నాకూ తెలియదు.

సిస్టరు మూడుసార్లు ఫోను చేసింది. మొదటిసారి వస్తానన్నాను. రెండోసారి ఎత్తలేదు. మూడోసారి, బంధువుల ఊరికి వెళ్లినప్పుడు అక్కడి ఆసుపత్రిలో తీయించేశానన్నాను. కాగితం తెచ్చి చూపించమంది. సరేనన్నాను. ఇంట్లో చెప్పింది ఒక అబద్ధం, ఆసుపత్రికి చెప్పింది ఇంకొకటి. రెండూ ఎదురుపడనంతకాలం రెండింటికీ క్షేమమే. చెప్పగా చెప్పగా ఆ డాక్టరమ్మ మొహం కూడా నాకు గుర్తుండిపోయింది. ముక్కు పక్కన చిన్న మచ్చ.

మధ్యమధ్య ఎడమ పక్కన సలుపు వచ్చేది. అప్పుడప్పుడు మూత్రం ఎర్రగా పోయేది. వేడి చేసిందనుకుని చెంబెడు నీళ్లు తాగి పనిలో పడేవాణ్ణి. రెండేళ్లు నిండాక ఒక రోజు పొద్దున్నే, ఎవరికో గడ్డం గీస్తుంటే నా చెయ్యి వణికింది. కత్తి పక్కన పెట్టేశాను. ఆ తర్వాత ఒళ్లంతా వణికింది. పళ్లు కొట్టుకుంటున్నాయి, నుదురు కాలిపోతోంది. మా ఆవిడ దుప్పటి చుట్టి, ఆటో ఎక్కించి, అదే ఆసుపత్రికి తీసుకుపోయింది.

అత్యవసర విభాగంలో ఒక కుర్ర డాక్టరు పక్కలో నొక్కి చూశాడు. నేను మంచం మీంచి సగం లేచాను. ఇంతకుముందు రాయికి ఆపరేషన్ అయిందా, స్టెంటు పెట్టారా, తీశారా అని వరసగా అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది. తీశారు బాబూ, ఇక్కడే, ఆ చివరి గదిలో, ఈయన రెప్ప కూడా వేయలేదట, అని మొదలుపెట్టి నా కథ నాకే వినిపించింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. మచ్చతో సహా చెప్పింది. కుర్రాడు చిరునవ్వుతో విని, కాగితం మీద మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని రాశాడు. సెలైను, ఇంజెక్షన్లు ఇవ్వమన్నాడు. ఎక్స్‌రే దగ్గర ఆ రోజు బారులు తీరి ఉన్నారు కాబట్టి, రేపు పొద్దున తీద్దామన్నాడు.

చెప్పాలంటే అదే సమయం. నోరు తెరిచాను. పళ్లు టకటకమన్నాయి. ఏంటండీ అని మా ఆవిడ వంగింది. చలి అన్నాను. ఇంకో దుప్పటి తెచ్చి కప్పింది.

వార్డులో వేశారు. నర్సు బీపీ చూసి, మళ్లీ చూసింది. సెలైను వేగం పెంచి వెళ్లింది. పావుగంటకే తిరిగి వచ్చి మళ్లీ చూసింది. లోపల ఏముందో ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలియనివాళ్లంతా నా ప్రాణానికి కాపలా కాస్తున్నారు. మా ఆవిడ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని నా అరికాళ్లు రుద్దుతోంది. ఇప్పుడు చెబుతాను, ఈ సీసా అయ్యాక చెబుతాను అనుకుంటూ చుక్కలు లెక్కపెట్టాను. సీసా అయింది. ఇంకోటి తగిలించారు.

మధ్యాహ్నం మూడింటికి రిజిస్టరు సిస్టరు వచ్చింది. కిడ్నీ ఆపరేషన్ అయినవాళ్లు ఎవరు వార్డులో చేరినా, వాళ్ల పేరు తన రిజిస్టరులో వెతికి చూసుకోవడం ఆవిడకు అలవాటట. రిజిస్టరు చంకలో పెట్టుకునే వచ్చింది. నా మంచం మీదే తెరిచింది. పేజీ నిండా ఎర్రగీతలు. మధ్యలో ఒక్క వరుస మాత్రం గీత లేకుండా, పక్కన పెన్సిలుతో ఏదో రాసి ఉంది. కళ్లతో చూడనిదాన్ని ఆవిడ సిరాతో రాయదు.

"తాతగారూ, మీ వరుస ఇంకా పెన్సిలుతోనే ఉంది. తీయించింది ఏ ఆసుపత్రిలో?"

మా ఆవిడ రుద్దడం ఆపింది. "వేరే ఆసుపత్రేంటమ్మా? ఇక్కడే కదా తీశారు."

"ఇక్కడ తీస్తే గీత నా చేత్తోనే కొడతానమ్మా. కొట్టలేదు."

"డాక్టరమ్మ తీసిందన్నారు. ముక్కు పక్కన మచ్చ..."

"మా విభాగంలో లేడీ డాక్టర్లు లేరు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. అప్పుడు నేనే నోరు విప్పాను. "సిస్టర్, అది ఇంకా లోపలే ఉంది," అన్నాను. గొంతు తొణక్కుండానే వచ్చింది.

సిస్టరు రిజిస్టరు అక్కడే వదిలేసి వరండాలోకి పరుగెత్తింది. పావుగంటలో నన్ను బారులన్నీ దాటించి ఎక్స్‌రే గదిలోకి తోశారు. పెద్ద డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చూపించాడు. గొట్టం చుట్టూ సున్నం పట్టినట్టు రాయి కట్టింది. కింది కొస గోళీ అంత. పై కొస కిడ్నీలో కోడిగుడ్డంత. ఈసారి కొలత నాది కాదు, ఆయనదే.

"పెద్దాయనా, కిడ్నీ నిండా చీముంది," అన్నాడు. "రేపు పొద్దుటిదాకా ఆగి ఉంటే కిడ్నీ గురించి కాదు, మీ గురించే మాట్లాడుకోవలసి వచ్చేది. ఇప్పుడైనా చెప్పారు, అది మంచిపని." నేను వినయంగా తల వంచుకున్నాను.

వీపులోంచి కిడ్నీలోకి సన్నటి గొట్టం దింపి, చీము సంచీలోకి పారేలా చేశారు. మూడో రోజుకు జ్వరం దిగింది. కానీ అసలు చిక్కు అప్పుడే మొదలైంది. అంతకాలం ఒత్తిడిలో నలిగిన కిడ్నీ ఇంకా పనిచేస్తోందా, పేరుకే ఉందా? నరంలోకి మందు ఎక్కించి, యంత్రం కింద పడుకోబెట్టి, ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో లెక్కకట్టే స్కాను ఉందట. చీము పూర్తిగా పోయాక, పదో రోజున అది తీస్తామన్నారు. మొత్తం పనిని వంద అనుకుంటే, ఎడమది పది కూడా చేయకపోతే తీసేయడమే.

ఆ పది రోజులూ మా ఆవిడ నాతో మాట్లాడింది లెక్కపెట్టగలను. మాత్ర వేసుకోండి. అటు తిరగండి. సంచీ నిండింది. అంతే. తిట్టి ఉంటే తేలికయ్యేది. పక్కమంచం ఆయన ఒకసారి, స్టెంటు తీసేటప్పుడు నొప్పి ఉంటుందా అని ఆమెను అడిగాడు. "ఈయన్ని అడగండి, బాగా చెబుతారు," అంది. అంత మెత్తగా కోయడం నలభై రెండేళ్లలో నాకే చేతకాలేదు.

స్కాను ఫలితం వచ్చే రోజు డాక్టరు గది ముందు ఇద్దరం కూర్చున్నాం. ఆమె ఒక చొక్కాకు చేత్తో కాజాలు కుడుతోంది. ఒక కాజా కుట్టడం, విప్పడం, మళ్లీ కుట్టడం. నేను నడుం దగ్గర సంచీని టవలుతో కప్పుకుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడుతున్నాను. మా పేరు పిలిచారు. డాక్టరు కాగితం చదువుతున్నంతసేపూ ఆమె సూది వేళ్ల మధ్యే ఉంది.

"ఇరవై మూడు," అన్నాడు.

"అంటే పాసయినట్టేనా?" మా ఆవిడ అడిగింది.

"పాస్ మార్కులు కావమ్మా. కానీ బళ్లోంచి తీసేయక్కర్లేదు."

ఐదో తరగతిలో నాకు వచ్చినవీ అవే మార్కులని చెప్పబోయి, ఆమె మొహం చూసి మింగేశాను. ఆమె కళ్లు తుడుచుకుంటోంది. వేలికి సూది గుచ్చుకున్నట్టుంది, చెంగుకు రక్తం అంటింది.

ఆ తర్వాత మూడు విడతలుగా పని జరిగింది. పై రాయిని వీపు దారిన పొడి చేసి తీశారు. కింది రాయినీ, గొట్టాన్నీ ఆ చివరి గదిలోని తళతళలాడే పరికరంతోనే, ఏ దారికి జడిసి నేను పారిపోయానో ఆ దారినే తీశారు. నడుములో సూది వేసి కింది భాగం మొద్దుబారేలా చేస్తారు, ఏమీ తెలియదు. అయినా సూది కాదు, వీపు మీద తడి దూది ఆనగానే నేను పెట్టిన కేక వరండాలో నీళ్లు తాగి తిరుగుతున్న పెద్దమనుషులకు వినపడి, ఇద్దరికి పరీక్ష అక్కర్లేకపోయిందట.

కిడ్నీ ఇప్పటికీ నాతోనే ఉంది. ఇరవై మూడు మార్కులతో దాని పని అది చేసుకుపోతోంది. ఆ రోజు నిజం బయటపడటం రాత్రిదాకా ఆలస్యమైనా ఇది దక్కేది కాదని డాక్టరు ప్రతిసారీ అంటాడు, నా భుజం తడతాడు. ఆ తట్టుడు ఇన్నాళ్లూ నేనే తీసుకున్నాను. ఈ కథలో నేను కల్పించిన ముక్క ఒక్కటే ఉంది, అది అదే. లోపలే ఉందని సిస్టరుకు చెప్పింది నేను కాదు. ఆ నిమిషంలో నేను ఏదైనా ఒక ఆసుపత్రి పేరు కోసం వెతుక్కుంటున్నాను. దొరికింది కూడా, నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసింది. నా అరికాలు మీంచి చెయ్యి తీయకుండానే సిస్టరు వైపు తిరిగింది.

"రాసుకోమ్మా, అది ఈయన లోపలే ఉంది," అంది.