మగ్గం ఆగితేనే ముద్ద

బతిమాలితే సెలవు తీసుకున్నానని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి ఎవరూ బతిమాలలేదు, తోలేశారు.

మా ఏజెన్సీ హిందూపురంలో ఉంది. మంచాన పడ్డవాళ్ళను చూసుకోవడానికి మమ్మల్ని ఇళ్ళకు పంపుతుంది. కాగితాల్లో మా పేరు కేర్‌టేకర్లు, ఇళ్ళల్లో మాత్రం ఆయమ్మలం. ఏజెన్సీ నడిపే సుమలత మేడం పోయిన నెల మమ్మల్నందరినీ పిలిపించి మీటింగు పెట్టింది. బెంగళూరు నుంచి ఒకావిడ వచ్చి కళ్ళు మూసుకోమంది, ఊపిరి పీల్చి వదలమంది. "అందరినీ చూసుకునే మిమ్మల్ని ఎవరు చూసుకుంటారు?" అని అడిగింది. ఎవరూ చూసుకోరు తల్లీ, ఆ సంగతి చెప్పడానికి బెంగళూరు నుంచి రావాలా? ఆఖర్లో మేడం నా పేరు చదివింది. మూడేళ్ళలో ఒక్కరోజు కూడా సెలవు పెట్టని మనిషిని నేనొక్కదాన్నేనట. చప్పట్లు కొడతారేమో అనుకున్నాను. కొట్టలేదు.

"ఈరక్కా, నువ్వు నాలుగు దినాలు ఇంటికి పోవల్సిందే. నీ బదులు ఇంకొకర్ని పంపిస్తా," అంది మేడం.

"నాకేమయితాది మేడం? గుండ్రాయి మాదిరి ఉండా."

"గుండ్రాయికీ రెస్టు కావల్ల. ఇంగ మాట్లాడొద్దు."

నాకు రెస్టు అక్కర్లేదు. మూడేళ్ళుగా శంకరప్పన్నను వాళ్ళింట్లోనే ఉండి చూసుకుంటున్నాను, అక్కడ నాకు కుదిరిపోయింది.

శంకరప్పన్నది ధర్మవరం. నలభై ఏళ్ళు పట్టుచీరలు నేసిన మనిషి. నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది, మాట పోయింది. భార్య అంతకుముందే పోయింది. ఉన్నది ఒక్క కూతురు, మంజులత. చీరల అంగట్లో లెక్కలు చూస్తుంది. పొద్దున తొమ్మిదికి పోతే రాత్రి ఎనిమిదికి వస్తుంది. నాకు ముందు రెండు నెలల్లో ఇద్దరు ఆయమ్మలు మారారట. ఆయనకు తిండి పెట్టలేక పారిపోయారు. ముద్ద పెట్టబోతే నోరు బిగిస్తాడు, మొహం గోడకు తిప్పుకుంటాడు. ఆస్పత్రిలో ముక్కుకు గొట్టం వేస్తే పీకేసుకున్నాడట. మళ్ళీ పీకకుండా పనిచేసే ఆ ఒక్క చేతినీ మంచానికి కట్టేశారట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా మంజులత వాళ్ళ నాయన మణికట్టు నిమురుతుంది.

మొదటి నెల నన్నూ ఏడిపించాడు. రెండో నెలలో ఒకరోజు మధ్యాహ్నం, నేను గిన్నె పట్టుకుని వట్టిగా కూర్చుని ఉంటే, ఆయనంతట ఆయనే నోరు తెరిచాడు. ఓరి దేవుడా అనుకుంటూ గబగబా పెట్టాను. గిన్నె ఖాళీ అయింది. ఎందుకు తిన్నాడా అని ఆలోచిస్తూ ఉంటే పక్కింట్లో మగ్గం మొదలైంది. అప్పుడర్థమైంది, అంతసేపూ ఆ చప్పుడు లేదని.

పక్కిల్లు ధనుంజయది. ఆ ఇంటికీ ఈ ఇంటికీ ఒకటే గోడ. తెల్లారుజామున మగ్గం గుంటలో దిగితే రాత్రి పదింటి దాకా మొగుడో పెళ్ళామో ఒకరు నేస్తూనే ఉంటారు. ఆ చప్పుడు వినపడినంతసేపూ శంకరప్పన్న కుడికాలు దుప్పటి కింద తొక్కుతూనే ఉంటుంది, కుడిచెయ్యి లాగుతూనే ఉంటుంది. డాక్టరు నరాల జబ్బు అన్నాడు. జబ్బు కాదు, పాడూ కాదు. ఆయన పనిలో ఉన్నాడు. మగ్గం మీద పట్టు ఉండగా ఎంగిలి చెయ్యి చేసుకోకూడదని పుట్టినప్పటినుంచీ నేర్చుకున్న మనిషి. పనిలో ఉన్నవాడి నోట్లో ముద్ద పెడితే ఎట్లా తింటాడు?

నేను పోయి ధనుంజయను అడిగాను. పూటకు అరగంట మగ్గం ఆపమన్నాను.

"ఏమక్కా, నా పొట్ట కొడ్తాండావా? దినానికి మూడు తూర్లు ఆపితే చీర ఎప్పుడు దిగల్ల?"

"ఈ చప్పుడుకు నాకు తలనొప్పి వస్తాది. అన్నం పెట్టేటప్పుడు చెయ్యి వణుకుతాది. ఆపప్పా, నీకు మధ్యాహ్నం కండెలు చుట్టి పెడ్తా."

కండెలంటే మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలు, వాటికి పట్టుదారం చుట్టాలి. అది చేసే ముసలమ్మ అప్పుడే మానుకుంది కాబట్టి ధనుంజయ ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి, శంకరప్పన్న నిద్రపోయే గంటసేపు నేను పక్కింట్లో రాట్నం ముందు కూర్చుంటాను. అన్నం వేళకు పెరట్లోకి పోయి గోడ మీద రెండు దెబ్బలు కొడితే మగ్గం ఆగుతుంది.

అసలు సంగతి ధనుంజయకు ఎందుకు చెప్పలేదని అడగండి. మంజులతకు ఎందుకు చెప్పలేదని కూడా అడగండి. చెప్పాలనే అనుకున్నాను. కానీ మొదటిసారి వాళ్ళ నాయన కడుపునిండా తిన్న రోజు మంజులత నా రెండు చేతులూ పట్టుకుంది. "ఈరక్కా, నీ చేత్తో పెడితేనే తింటాండాడు మా నాయన!" అంది. నా మొగుడు పోయి పదిహేనేళ్ళు. పిల్లల్లేరు. నా చేతిని అట్లా పట్టుకుని అటువంటి మాట అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాటకు కక్కుర్తి పడ్డాను.

పడటమంటే మామూలుగా కాదు. ఆదివారాలు మంజులత తానే పెడతానంటే, గోడ కొట్టకుండా మూల కూర్చున్నాను రెండు మూడుసార్లు. ఆయన నోరు బిగించేవాడు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని గిన్నె నా చేతికిచ్చేది. అప్పుడు పెరట్లోకి పోయి గోడ కొట్టి వచ్చి నేను పెట్టేదాన్ని. పాపిష్టిదాన్ని.

సోమవారం నా బదులు మనిషి వచ్చింది. మడకశిర పిల్ల, చాముండేశ్వరి. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. ఏజెన్సీ వాళ్ళు ఒక ఫారం ఇచ్చారు, రోగి సంగతులన్నీ అందులో రాసి కొత్త మనిషికి అప్పగించాలి. మందులు రాశాను. ఎన్ని గంటలకోసారి పక్కకు తిప్పాలో రాశాను. తిండి అన్నచోట పెన్ను ఆగింది. "మెత్తగా పెట్టవలెను" అని రాసి సంతకం చేశాను.

ఒక్కపూట తినడు, అంతే కదా అనుకున్నాను. సాయంత్రానికి మంజులత ఫోన్ చేస్తుంది, ఈరక్కా నువ్వు లేకుంటే కాదు రా అంటుంది. రాత్రి బండికి వెనక్కి వచ్చేస్తాను. సెలవుల పీడా వదులుతుంది.

హిందూపురంలో మా తమ్ముడు గంగాధర ఇంటికి పోయాను. నా మంచం మీద శెనక్కాయ మూటలు ఉన్నాయి. "వస్తాండానని ఒక మాట చెప్పకూడదా వదినా," అని మా మరదలు మూటలు దించబోయింది. ఉండనీలే అని కింద చాప వేసుకున్నాను. గిన్నెలు కడగబోతే వద్దంది, ఊడవబోతే చీపురు లాక్కుంది. వాళ్ళ మంచితనం వాళ్ళది. కానీ ఆ ఇంట్లో నేను చేయాల్సిన పని ఒక్కటీ లేదు. నాతో మాట్లాడాల్సిన మాట కూడా రెండో రోజుకే అయిపోయింది. అలవాటు కొద్దీ రెండు గంటలకోసారి మెలకువ వచ్చేది, తిప్పడానికి పక్కన మనిషి లేడు. ఇంతమందికి ముడ్డి కడిగాను, మూతి తుడిచాను, నాకంటూ ఒక మనిషి లేకపోయాడే అని ఆ చాప మీద కూర్చుని ఏడ్చాను.

ఫోన్ రాలేదు. సోమవారం రాలేదు, మంగళవారం రాలేదు. మోగడం లేదేమోనని తమ్ముడి ఫోన్‌తో నాకు నేనే చేసి చూసుకున్నాను. బాగానే మోగింది. అంటే తింటున్నాడన్నమాట. ఆ పిల్ల చేత్తో తింటున్నాడు. నాకు కడుపు మండిపోయింది.

బుధవారం పొద్దున చెప్పాపెట్టకుండా ధర్మవరం ప్యాసింజరు ఎక్కాను. పెనుకొండలో ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి మా బండిని ఆపేశారు. పన్నెండు దాటింది. ఉండబట్టలేక చాముండేశ్వరికి నేనే ఫోన్ చేశాను.

"ఎట్లుండాడమ్మా శంకరప్పన్న?"

ఆ పిల్ల ఒక్కసారిగా ఏడ్చేసింది. "అక్కా, తినల్యా! మొన్నటి నుంచి గంజి గూడా సరిగ్గా మింగల్యా. మంజులక్క రెండు దినాల నుంచి అంగడికి పోకుండా ఈడే ఉండాది. ఒంటిగంటకు నర్సు వస్తాదంట, గొట్టం వేసేకి."

"నాకెందుకు చెప్పల్యా?"

"మేడం వద్దనింది. ఈరక్కను కదిలించొద్దండి, పాపం మూడేండ్లకు రెస్టు తీసుకుంటాండాది అనింది."

నా మంచి కోరి నోరు కట్టేసుకున్నారు అందరూ. రెండు రోజులు. అయినా నా బుద్ధి చూడండి, నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: "గొట్టం వద్దని చెప్పు. నేను పెనుకొండలో ఉండా. గంటలో వచ్చేస్తా. నేనొచ్చి పెడ్తా."

"వస్తాండావా? మంజులక్కా, ఈరక్క వస్తాండాదంట!" అని కేకపెట్టింది పిల్ల. అవతల మంజులత "అమ్మయ్య" అనడం వినపడింది. ఆ అమ్మయ్య నాకు పాయసంలా ఉంది. దాచడానికేముంది, ఉంది.

బండి కదల్లేదు. పిల్ల ఫోన్ పెట్టలేదు. అందులోంచి ధనుంజయ మగ్గం చప్పుడు వస్తోంది. దానివెనక ఇంకో సన్నటి శబ్దం వినపడింది, మూలుగులాంటిది.

"అదేంది చాముండీ, ఆ చప్పుడు?"

"శంకరప్పన్నే అక్కా. ఆకలికి ఏడుస్తాండాడు. ఏడుస్తాడు గానీ నోరు తెరవడు."

అన్నం ఎదురుగా ఉంది. ఆకలి ఉంది. రెండు రోజులుగా ఆ మనిషి మగ్గం ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూస్తూ పడుకుని ఉన్నాడు. ఇంకో గంట కూడా చూడాలా, నా చెయ్యి గొప్పదనిపించుకోవడానికి?

"చాముండీ, చెప్పేది విను. పెరట్లోకి పో. ధనుంజయ గోడ మీద గట్టిగా రెండు దెబ్బలు కొట్టు. మగ్గం ఆపమని కేక పెట్టు."

"ఎందుకక్కా?"

"కొట్టవే ముందు!"

దెబ్బలు వినపడ్డాయి. ధనుంజయ ఏదో విసుక్కున్నాడు. మగ్గం ఆగింది. బండిలో శెనక్కాయలు అమ్మేవాడు అరుస్తుంటే నోరు మూసుకోమని కసిరి, ఫోన్ చెవికి అదిమిపెట్టుకున్నాను.

"ఇప్పుడు మాట్లాడకుండా ఆయప్ప పక్కన కూర్చో. చెయ్యి కదిలేది నిలిచిపోనీ. నిలిచినాక మూతి దగ్గరికి తీసుకపో."

చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత గిన్నెకు స్పూను తగిలింది. మళ్ళీ తగిలింది. మూడోసారి తగిలినప్పుడు మంజులత గొల్లున ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఫోన్ లాక్కుని, "ఈరక్కా, ఈ పిల్ల చేత్తో గూడా తింటాండాడు మా నాయన!" అంది.

సంతోషించాలి. సంతోషించాను కూడా. కానీ ఆ మాట నాది. మూడేళ్ళు దాచుకున్న మాట ఇంకొకరి పాలైపోతుంటే కళ్ళు ఆగలేదు.

"మగ్గం ఆగితే తింటాడు మంజులమ్మా. ఎవురు పెట్టినా తింటాడు. నువ్వు పెట్టినా తింటాడు. నాకు ముందునుంచీ తెలుసు. నేనే చెప్పల్యా."

తిడుతుందేమోనని చూశాను. తిట్టినా బాగుండేది.

"ఆదివారాలు…" అంది, అంతే. తర్వాత ఫోన్ చాముండేశ్వరికి ఇచ్చేసింది.

ఎక్స్‌ప్రెస్ దడదడమని దాటిపోయింది. అది పోయేదాకా ఏమీ వినపడలేదు. పోయినాక పిల్ల మెల్లగా అడుగుతోంది.

"అక్కా, వింటాండావా? గిన్నె ఖాళీ చేసినాడు. ఇంగ గొట్టం వద్దులే. మంజులక్క నిన్ను ఇప్పుడే రావద్దనింది… రెస్టు తీసుకోమనింది. కాకపోతే ధనుంజయన్న గోడవతల నుంచి అరుస్తాండాడు, పూటపూటకూ ఆపితే కండెలు ఎవురు చుడ్తారని. నాకు చుట్టేకి రాదు. ఏం చెప్పేది?"

మా బండి కదిలింది.

"నేను చుడ్తానని చెప్పు," అన్నాను. "మంజులమ్మ ఇంట్లోకి రానులే. ధనుంజయ ఇంట్లోనే కూర్చుని చుట్టి పోతా."