ఆరు ముక్కల మాట

ఆ పొద్దున మబ్బు కమ్ముకుంది గానీ చినుకు రాలలేదు. అలాంటి రోజున మా కొలిమి ముందు నాగలి కర్రులు వరసకడతాయి.

నేను ఒక చిన్న సుత్తిని. పాత లారీ కమాను పట్టాతో నన్ను చేసింది మా కమ్మరి కనకాచారి తండ్రి. పిడి రెండుసార్లు మారింది, పట్టే చెయ్యి ఒక్కసారే మారింది. కనకాచారి ఎర్రగా కాలిన కర్రును దాగలి దిమ్మ మీద పెట్టి, ఎక్కడ కొట్టాలో నాతో తట్టి చూపిస్తాడు. అతని భార్య భాగ్యమ్మ సమ్మెట ఎత్తి సరిగ్గా అక్కడే వేస్తుంది. ముప్పై ఏళ్లుగా ఆ ఇద్దరూ మాట్లాడుకున్నది ఎక్కువగా మా చప్పుళ్లతోనే.

వాళ్ల కూతురు వైదేహి నర్సు. హైదరాబాదులో కూర్చుని జర్మనీ రోగులతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం కోసం పరీక్షకు హాజరై ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే మూడో అవకాశం లేదు. ఆ భాషలో మాటకు మాట అతికించి బారెడు మాట చేస్తారట. ‘క్రాంకెన్‌ఫెర్జిషెరుంగ్’ అంటే ఆరోగ్య బీమా. వైదేహి కొలిమి దగ్గరే దాన్ని ఒక్క గుక్కలో అనబోయి సగంలోనే ఊపిరి పోగొట్టుకునేది.

వారం కిందట కనకాచారి విని విని పని ఆపాడు.

“ఎన్ని ముక్కలే అది?”

“ఆరు నాయినా. క్రాం, కెన్, ఫెర్, జి, షె, రుంగ్.”

“బరువేడ?”

“మొదటిదాని మీద. నాలుగోదాని మీద జర.”

“మరి నువ్వు ఆరింటి మీదా సమ్మెటేస్తున్నవ్. కర్రు గిట్లయితే ఎప్పుడో పగిలేది.”

“అబ్బో! నీకు లేని మాటలన్నీ ఇయ్యాల్నే వచ్చినయా?” అంది భాగ్యమ్మ.

ఆ రోజు నుంచి ‘క్రాం’ అంటే సమ్మెట. ‘కెన్, ఫెర్’ నా చిన్న తట్లు. ‘జి’ కూడా నేనే, కాస్త గట్టిగా. చివరి రెండూ మళ్లీ తేలిక. వారంలో కర్రులకు వాడి వచ్చింది, మాటకు నడక వచ్చింది.

మబ్బు పట్టిన ఆ పొద్దునే పరీక్ష ఫోను వచ్చింది. సిగ్నల్ కొలిమి పంచలోనే దొరుకుతుంది. తిత్తి ఆపారు, రైతులను బయటే కూర్చోబెట్టారు. వైదేహి బాగానే చెప్పుకొచ్చి, ఆ మాట దగ్గర ఆగిపోయింది. దాగలి వైపు చూసింది.

భాగ్యమ్మ సమ్మెట ఎత్తి దించింది. దాగలికి వేలెడు పైన ఆపింది. ఆ వెంటనే నేను గాలిలోనే రెండు తట్లు, ఒక బరువు, మళ్లీ రెండు తట్లు. చప్పుడు లేదు. దెబ్బ పడకుండా ఆగడం నా బతుకులో అదే మొదలు. వైదేహి నోట ఆ మాట, ఎక్కడి బరువు అక్కడే ఉండి, సాఫీగా వచ్చింది.

ఇంకో రెండు ప్రశ్నలడిగి, పరీక్ష చేసే ఆమె సోమవారం ఉద్యోగంలో చేరమంది.

మధ్యాహ్నం ముగ్గురూ పంచలోనే కూర్చుని జొన్నరొట్టె, టమాట తొక్కు తిన్నారు. భాగ్యమ్మ అడక్కుండానే కూతురి పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది. కనకాచారి నములుతూనే ఎడమ చేత్తో నన్ను దగ్గరికి జరుపుకున్నాడు. బయట రైతులు ఎదురుచూస్తూనే ఉన్నారు. మేం తొందరపడలేదు.