అరువు గొంతు

నాటకాల ట్రూపులో ఆ అమ్మాయిని అందరూ గంట అనేవాళ్ళు. పేరు పెట్టింది ట్రూపు నడిపే మాస్టారు. హాల్లో మైకు మొరాయించిన రోజు ఆమె డైలాగు చివరి వరుస దాటి, బయట టీ తాగుతున్నవాళ్ళకి కూడా వినబడింది. “ఇంత గంట పెట్టుకుని మనకి మైకు దేనికయ్యా!” అన్నాడాయన.

తల్లి లేని ఆమెను పెంచింది పిన్ని. పిన్ని బట్టల షెడ్డులో చొక్కాలకు కాలర్లు కుట్టేది. ఆ మిషన్ల హోరులో పిన్ని చెవిన ఓ మాట వెయ్యాలంటే గొంతు చించుకోవాల్సిందే. గంట గొంతు అక్కడే సాగింది.

ఒక సాయంత్రం ప్రదర్శన చూడ్డానికి సినిమా డైరెక్టరు వచ్చాడు. తెర పడ్డాక లోపలికొచ్చి, హీరోయిన్ చెల్లెలి వేషం ఉంది, చేస్తావా అని అడిగాడు. ఆయన మాట పూర్తి కాకముందే గంట తలూపేసింది.

“చెల్లెలా? మొదట్లో చచ్చిపోతుందా, చివర్లోనా?” అంది పిన్ని.

“అసలు చావదు పిన్నీ.”

“అయితే చేసెయ్.”

మొదటి షాట్‌లో ఆమె “అక్కా, నువ్వెళ్ళిపోతే నేనేమైపోవాలి?” అని అడగాలి. అడిగింది. హీరోయిన్ ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేసింది. సౌండు చూసేవాడు చెవుల మీది హెడ్‌ఫోన్స్ పీకేశాడు. సెట్టంతా గొల్లున నవ్వింది.

“అమ్మాయీ, ఇక్కడ వెనక బెంచీ లేదు” అన్నాడు డైరెక్టరు.

గంట మొహం చిన్నబుచ్చుకుంది. కానీ భోజనాల వేళ తినకుండా కెమెరామెన్ దగ్గరికి వెళ్ళింది.

“సార్, నన్ను చూసేవాళ్ళు ఎంత దూరంలో ఉంటారు?”

“క్లోజప్‌లోనా? నీ ముక్కు ముందుంటారు.”

సెట్టు వెనక్కి పోయి, అరచెయ్యి మొహం ముందు పెట్టుకుని, ఆ చేతికి మాత్రమే వినబడేలా అదే మాట చెప్పుకుంది. తిరిగొచ్చాక మళ్ళీ ఎవరూ నవ్వలేదు.

షూటింగ్ అయిపోయింది. డబ్బింగ్‌కి పిలుస్తారని ఎదురుచూసింది. కబురు రాలేదు. చూసి చూసి, తనే వెళ్ళింది.

రికార్డింగ్ గది చీకటిగా ఉంది. తెర మీద తన మొహం. మైకు ముందు కళ్ళద్దాలు పెట్టుకున్న ఓ నడివయసావిడ పంచదార పాకం లాంటి గొంతుతో తన మాటలు చెబుతోంది. ఎవరో తన బట్టలు వేసుకుని తనకే ఎదురుపడినట్టయింది గంటకి.

వరండాలో డైరెక్టరుని ఆపేసింది. “నా మాటలు నేనే చెప్పుకుంటాను సార్.”

“నీది స్టేజీ గొంతమ్మా. పైగా ఇది వేరే విద్య.”

“ఒక్కసారి చూడండి.”

పోన్లే అని చూశాడు. తెర మీద పెదాలు మూతబడ్డా ఆమె మాట ఇంకా సాగుతోంది. రెండోసారి తొందరపడి ముందే ముగించేసింది.

“చూశావుగా. ఏమనుకోకు” అని డైరెక్టరు వెళ్ళిపోయాడు.

గంట అక్కణ్ణుంచి కదల్లేదు. కళ్ళద్దాలావిడ బయటికొచ్చి ఆమెను ఎగాదిగా చూసింది.

“నాకు నేర్పిస్తారా అక్కా?” అంది గంట.

“బాగుందే! నా పని లాక్కోడానికి నేనే నేర్పాలా?” ఆవిడ నవ్వింది. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, “గుంపు గొంతులకి మనుషులు చాలట్లేదు. రేపు పొద్దున్నే రా. నేను నేర్పించేదేం లేదు. చూసి నేర్చుకో” అంది.

మర్నాటి నుంచి గంట గుంపులో కలిసింది. సినిమాల్లో మొహం కనబడనివాళ్ళందరికీ గొంతిచ్చింది. బేరాలాడింది, బస్సు కోసం అరిచింది, నిప్పంటుకుందని కేకలు పెట్టింది. ఖాళీ దొరికితే గోడవారన నిలబడి కళ్ళద్దాల అక్కని గమనించేది. కొన్నాళ్ళకి కిటుకు దొరికింది. అక్క చూసేది పెదాల్ని కాదు, భుజాల్ని. మాటకి ముందు ఊపిరి తీసుకున్నప్పుడు భుజం లేస్తుంది. ఆ ఊపిరి అందుకుంటే మాట దానంతటదే కుదురుతుంది.

“సినిమా పిచ్చి పట్టి మా నెత్తిన చెయ్యి పెడతావా?” అని మాస్టారు కోప్పడ్డాడు.

“పొద్దున అక్కడ, సాయంత్రం ఇక్కడ మాస్టారూ. ఒక్క ఆట తప్పినా నన్ను తీసెయ్యండి.” ఒక్కటీ తప్పలేదు.

సినిమా విడుదల దగ్గర పడింది. సవరణలకని డైరెక్టరు రికార్డింగ్ గదికి వచ్చినప్పుడు గంట మళ్ళీ ఎదురెళ్ళింది.

“మళ్ళీనా?”

“మళ్ళీనే సార్.”

అక్క కళ్ళద్దాలు తీసి మైకు వదిలి పక్కకి జరిగింది. “నా గొంతు కాసేపు ఆరనివ్వండి. ఈలోగా పిల్లని చెప్పనివ్వండి, పోయేదేముంది?”

తెర మీద చెల్లెలి భుజం లేచింది. దాంతోపాటే గంట ఊపిరి తీసుకుంది. “అక్కా, నువ్వెళ్ళిపోతే నేనేమైపోవాలి?” మెల్లగానే అంది. మాట ఎక్కడా తెర మీది పెదాల్ని దాటిపోలేదు.

“ఇప్పటిదాకా చెల్లెలు బొమ్మలా ఉండేది” అన్నాడు డైరెక్టరు. “తర్వాతది వెయ్యండి.”

ఒకదాని తర్వాత ఒకటి చెప్పేసింది. పెళ్ళి సీనొక్కటే మిగిలిపోయింది. సినిమాని ఆ సాయంత్రమే విడుదలకి పంపెయ్యాలి, టైం లేదు. అందులో అక్క గొంతే ఉండిపోయింది.

విడుదల రోజు షెడ్డులోవాళ్ళందర్నీ వెంటేసుకొచ్చి పిన్ని ఒక వరుసంతా నింపేసింది. బయటికొచ్చాక గంట చెయ్యి పట్టుకుంది.

“పెళ్ళి సీనులో నీ గొంతు అలా ఉందేమే? జలుబు చేసిందా?”

“అది నేను కాదు పిన్నీ, వేరే ఆవిడ.”

“మరి ఊరుకున్నావా?”

“ఊరుకోలేదు. టైం చాల్లేదు.”

తర్వాత ఇంకో డైరెక్టరు పిలిచాడు. ఈసారి పెద్ద వేషం. కుర్చీలో కూర్చోకముందే గంట విషయం తేల్చేసింది. “మొహం, గొంతు కలిపే ఇస్తాను సార్. విడివిడిగా ఇవ్వను.”

ఇంత పొగరు పనికిరాదన్నాడాయన. ఆ వేషం వేరే అమ్మాయికి వెళ్ళింది. గంట రెండ్రోజులు తిండి సరిగ్గా తినలేదు గానీ మాట మాత్రం మార్చుకోలేదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళతోనూ అదే మాట అంది. వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు, కాసేపు గొణుక్కున్నారు, చివరికి సరేనన్నారు.