తెల్ల మార్పు

రెండో షట్టరు దగ్గర అడ్డుపడిన గుర్రపుడెక్కను వెదురు గెడతో నెట్టి, అది విడివడి కిందికి జారిపోయేదాకా చూసి, తాతారావు గెడను గోడకు ఆనించాడు. తర్వాత రాతిమెట్లు దిగి, నీళ్ళలో నిలబెట్టిన కొలబద్ద మీది నాచును అరచేత్తో తుడిచి అంకె చూశాడు. నాలుగడుగుల రెండంగుళాలు. నిన్నటికంటే అంగుళం తక్కువ. ఫోను తీసి సెక్షన్ ఆఫీసుకు ఆ మాటే చెప్పాడు.

"ఆయ్, నాలుగు రెండండి. దాళ్వా పంటకి నీళ్ళు చాలట్లేదని రైతులంటున్నారండి. మూడోది ఇంకో రెండు చుట్లు ఎత్తనా? ఆయ్, అలాగేనండి."

సామర్లకోట వైపు పోయే కాలవ మీద ఆ లాకుల దగ్గర అతను షట్టర్లు ఎత్తి దించే లస్కరుగా చేరి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. షట్టరు హ్యాండిలు తిప్పీ తిప్పీ కుడి భుజం ఎడమదానికంటే బెత్తెడు కిందికి వాలింది. అరచేతి గీతల్లో గ్రీజు ఎంత సబ్బు పెట్టినా పోదు. సన్నటి మనిషి, పొట్టి జుట్టు, ఎండకి సగం మూసుకున్నట్టుండే కళ్ళు. ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతాడు.

ఊళ్ళో అతనికున్న మర్యాద మాత్రం ఉద్యోగం వల్ల వచ్చింది కాదు, గాలం వల్ల వచ్చింది. జెల్ల కొరికితే నీళ్ళ మీద తేలే బెండు ఎలా వణుకుతుందో, కొర్రమీను ఏ నెలలో ఏ రాతి పక్కన పిల్లల్ని కాస్తుందో, వాలుగ ఎప్పుడు పైకొస్తుందో అతన్నే అడిగేవారు. సామర్లకోట నుంచి బళ్ళ మీద గాలాలు కట్టుకుని వచ్చే కుర్రాళ్ళు కూడా ముందు అతని దగ్గరికొచ్చి, ఎక్కడ కూర్చోమంటారని అడిగి కూర్చునేవారు. "తాతారావు గారు లేదంటే కాలవలో లేదు" అన్నది ఆ చుట్టుపక్కల సామెతలాంటి మాట. ఆ మాట వినబడినప్పుడల్లా అతను తల వంచుకునేవాడు. ఒకప్పుడు గర్వం దాచుకోవడానికి వంచేవాడు. ఇరవై రెండేళ్ళుగా దానికి వేరే కారణం ఉంది.

ఎనిమిదింటికి రోజూలాగే గట్టు దిగి గణేష్‌బాబు టీకొట్టుకు వెళ్ళాడు. అక్కడ ఆరుగురు గణేష్‌బాబు ఫోను చుట్టూ మూగి ఉన్నారు.

"రండి తాతారావు గారూ, మీకోసమే చూస్తన్నాం," అన్నాడు గణేష్‌బాబు. "ఇది నిజమో, కంప్యూటర్లో చేసిందో మీరే తేల్చాలి."

వీడియోలో ఎవరో బకెట్లోంచి చేపను ఎత్తి చూపిస్తున్నాడు. మీసాల మార్పు చేప. మార్పంటే బురదనలుపు. ఇది మాత్రం ఒలిచిన ముంజలా తెల్లగా ఉంది. కళ్ళు గులాబీ రంగు. మీసాలు కూడా తెల్లనివే.

తాతారావు చేతిలోని గ్లాసు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది.

బల్ల చివర లావణ్య కూర్చుని ఉంది. ఊరి సచివాలయంలో చేపల చెరువుల పని చూసే ఉద్యోగి. ఈ ఊరు వచ్చి నాలుగు నెలలే అయింది. "నిజమేనండి," అంది ఆ అమ్మాయి. "ఇలాంటివి అప్పుడప్పుడూ పుడతాయి. ఒంట్లో రంగు తయారవ్వదు, అంతే. తెల్లగా కనబడిపోతాయి కాబట్టి పిల్లలప్పుడే కొంగలూ, లకుముకి పిట్టలూ తినేస్తాయి. పెద్దదయ్యేదాకా బతికేది ఎక్కడో ఒకటి. మన కాలవలోనూ ఉండొచ్చండి."

ఎవరూ ఆమె వైపు చూడలేదు. అందరూ తాతారావు వైపే చూశారు.

నోరు తెరిస్తే చాలు. ఒక్క వాక్యం. ఆ వాక్యం అతని గొంతులో ఎన్నేళ్ళనుంచో తయారుగానే ఉంది.

"పుస్తకాల్లో ఉంటాయమ్మా," అన్నాడు తాతారావు. "ముప్ఫై ఏళ్ళ బట్టీ ఈ నీళ్ళే చూస్తన్నాను. మన కాలవలో లేవు."

"అదీ!" గణేష్‌బాబు తొడ చరిచాడు. "మన ఊరికి ఇంకో తెల్లచేప తయారయ్యింది!"

అందరూ నవ్వారు. ఆ పిల్లకు సంగతి తెలియదు గానీ, తననే అన్నారని అర్థమయింది. ముఖం ఎర్రబడింది. టీ సగంలో వదిలేసి స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. అలాంటి ముఖాన్ని తాతారావు ఇదివరకొకసారి, ఇదే బల్ల దగ్గర చూశాడు.

ఆ ముఖం శాంతికుమార్‌ది. ఇరవై రెండేళ్ళ కిందట అతను హైస్కూల్లో అటెండరు. బడిగంట కొట్టడం, సారులకు టీలు తేవడం అతని పని. ఆదివారం చర్చి అవగానే తెల్ల చొక్కాతోనే గట్టు మీదికి వచ్చేవాడు. కొక్కేనికి దారం ముడి వేయడం తాతారావే నేర్పాడు. ఇద్దరూ ఒకే గొడుగు కింద కూర్చుని పొద్దుగూకేదాకా గాలాలేసేవారు. ఒక ఏప్రిల్ పొద్దున శాంతికుమార్ మోకాళ్ళదాకా తడిసిన ప్యాంటుతో టీకొట్టుకు పరిగెత్తుకొచ్చాడు.

"తాతారావు గారూ, తెల్లటి మార్పండి! మూరెడుంది. కళ్ళు గులాబీ రంగు. మీ మెట్ల దగ్గరే! నేను ఒట్లు పెట్టను, మీకు తెలుసు కదండీ. నా కళ్ళతో చూశాను."

తన మెట్ల దగ్గర, తన నీళ్ళలో, తను చూడని చేపను ఇంకొకరు ముందు చూడటం తాతారావుకు మింగుడుపడలేదు. బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించి, "పొద్దున్నే మొదలెట్టారా శాంతికుమార్ గారూ?" అన్నాడు. చుక్క ముట్టని మనిషి ఆయన. అందుకే అది మరీ పెద్ద హాస్యమైంది. గణేష్‌బాబు అయితే పొట్ట పట్టుకుని నవ్వాడు.

మర్నాటి నుంచి శాంతికుమార్ పేరు తెల్లచేప. గంట కొట్టడానికి వస్తుంటే పిల్లలు వెనకనుంచి ఆ పేరుతో కేకలేసి పారిపోయేవారు. ఆరో క్లాసు చదివే ఆయన కూతురు మెర్సీ బల్ల మీద ఎవరో సుద్దతో చేప బొమ్మ గీశారు. ఊళ్ళో ఎవరు అబద్ధమాడినా, "తెల్లచేప కబుర్లు చెప్పకు" అనడం వాడుకైపోయింది. నెల తిరక్కుండానే శాంతికుమార్ గట్టు మీదికి రావడం మానేశాడు.

ఇవాళ మధ్యాహ్నం భోజనం దగ్గర భార్య సూర్యకళ చెప్పింది: "శాంతికుమార్ గారికి అసలు బాగోలేదంట. కాకినాడ ఆస్పత్రి నుంచి నిన్న ఇంటికి తీసుకొచ్చేశారంట. ఇంక చేసేదేం లేదన్నారంట. ఓసారి చూసి రండి. ఒకప్పుడు మీరిద్దరూ ఎలా ఉండేవారు!"

తాతారావు తల ఊపాడు. పెరుగు కలిపిన అన్నం కలిపినట్టే వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

మూడింటికి మూడో షట్టరుకు గ్రీజు పెడుతూ కిందికి చూశాడు. నీళ్ళు వడిగా పోతున్నాయి, అడుగు కనబడటం లేదు. ఇరవై రెండేళ్ళ కిందట ఒక రోజు కనబడింది. టీకొట్టు దగ్గర శాంతికుమార్‌ని చూసి నవ్వి ఇరవై రోజులైందేమో. వేసవికి కాలవ కట్టేసే ముందు నీళ్ళు తగ్గి, గాజులా తేరుకుని ఉన్నాయి. ఇదే షట్టరు కింద, రాతిపరుపు మీద అది కదలకుండా ఉంది. ముంజ తెలుపు. మీసాలు నీళ్ళలో సన్నగా ఆడుతున్నాయి. అది పక్కకు తిరిగినప్పుడు గులాబీ రంగు కన్ను అతన్ని చూసింది, లేదా చూసినట్టు అతనికి అనిపించింది. వల చేతికందే దూరంలోనే ఉంది. పట్టి, బకెట్లో వేసి, టీకొట్టుకు తీసుకెళ్తే అంతటితో అయిపోయేది.

తాతారావు వంగి మట్టిగడ్డ తీశాడు. దాని మీదికి విసిరాడు. తెల్లటి తోక ఒక్కసారి మెలితిరిగి లోతుకు పోయింది. ఆ తర్వాత అది ఎవరికీ కనబడలేదు.

సాయంత్రం కొలబద్ద చూసి, అంకె చెప్పి, కాళ్ళు కడుక్కుని బయల్దేరాడు. చర్చి వెనక వీధిలో పెంకుటిల్లు. మెర్సీ తలుపు తీసింది. ఇప్పుడామె సామర్లకోటలో టీచరు. పరాయి మనిషిని చూసినట్టు ఒక క్షణం చూసి, "రండి. నాన్నగారు మేలుకునే ఉన్నారు," అంది.

మంచం మీద శాంతికుమార్ దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నట్టు ఉన్నాడు. దవడలు లోపలికి పోయాయి. కళ్ళు మాత్రం అవే.

"తాతారావు గారా? కూర్చోండి."

తాతారావు కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని భయం. "శాంతికుమార్ గారూ, ఆ తెల్ల మార్పుని నేనూ చూశానండి. మీరు చెప్పిన ఇరవై రోజులకి. మూడో షట్టరు కింద."

శాంతికుమార్ కాసేపు పైకప్పు వైపు చూశాడు. "తెలుసండి," అన్నాడు.

తాతారావు భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ రోజు సైకిలు మీద గట్టు మీంచి వస్తన్నాను. మీరు వంగి చూడ్డం చూశాను. మట్టిగడ్డ విసరడం చూశాను. చేప నాకు కనపళ్ళేదు. మీ మొకం కనపడింది." ఊపిరి అందుకోవడానికి ఆగాడు. "ఇవాళ చెబుతారు, రేపు చెబుతారు అని వారం రోజులు కొట్టు దగ్గర కూర్చున్నానండి."

"మీరే చెప్పాల్సింది కదండీ. నా మొకం మీదే అడగాల్సింది."

"నేను చెబితే ఎవరు నమ్ముతారు? రెండో తెల్లచేప అయ్యేది." శాంతికుమార్ నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. మెర్సీ వచ్చి తల ఎత్తి పట్టుకుని నీళ్ళు తాగించింది. తేరుకున్నాక ఆయన అడిగాడు. గొంతులో ఆత్రం, చిన్నపిల్లాడిలా. "మీసాలు తెల్లవేనా అండీ?"

"తెల్లవేనండి."

"కళ్ళు?"

"గులాబీ రంగు. మీరు చెప్పినట్టే."

శాంతికుమార్ కళ్ళు మూసుకున్నాడు. "పోన్లెండి. రానురాను నాకే అనుమానమొచ్చేది, అసలు చూశానా, చూడలేదా అని. అమ్మా మెర్సీ, విన్నావా?"

"విన్నాను నాన్నగారూ," అంది మెర్సీ. తర్వాత తాతారావు వైపు తిరిగింది. కోపంగా లేదు ఆ గొంతు, అలిసిపోయి ఉంది. "నేను ఆరో క్లాసులో ఉన్నప్పుడు చెప్పాల్సిందండి ఇది."

తాతారావు తువ్వాలును రెండు చేతులతో నలుపుతూ నిలబడ్డాడు. "రేపు పొద్దున కొట్టు దగ్గర అందరిముందూ చెబుతానండి," అన్నాడు.

"చెప్పండి," అన్నాడు శాంతికుమార్, కళ్ళు తెరవకుండానే.

తెల్లవారకుండానే శాంతికుమార్ పోయాడు. నిద్రలోనే. తాతారావు కొలబద్ద దగ్గర ఉండగా సూర్యకళ ఫోను చేసి చెప్పింది. చర్చి గంట ఆగి ఆగి మోగుతోంది. ఆ రోజు సెక్షన్ ఆఫీసువాళ్ళే ఫోను చేసి అంకె అడగాల్సి వచ్చింది.

వాకిట్లో టెంటు వేసి ప్లాస్టిక్ కుర్చీలు పరిచారు. కొట్టు కట్టేసి గణేష్‌బాబు వచ్చాడు. నిన్న ఫోను చుట్టూ మూగినవాళ్ళందరూ వచ్చారు. సచివాలయం వాళ్ళతో లావణ్య కూడా వచ్చి గేటు దగ్గర నిలబడింది. పాస్టరు గారు ఇంకా రాలేదు. తాతారావు కుర్చీల మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు.

"అందరికీ ఓ మాట చెప్పాలండి. శాంతికుమార్ గారు ఆ రోజు చెప్పింది నిజం. మన కాలవలో తెల్ల మార్పుండేది. నేనూ చూశాను. చూసి చెప్పలేదు. మట్టిగడ్డేసి తోలేశాను."

గణేష్‌బాబు లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. కళ్ళలో నీళ్ళున్నాయి.

"మీ మనసు గొప్పదండి తాతారావు గారూ. పోయినాయన పరువు నిలబెట్టడానికి నింద మీ మీద వేసుకుంటన్నారు. ఎవరంటారండి ఇంత మాట?"

"అబ్బే, అది కాదు గణేష్‌బాబూ, నిజంగానే..."

"మాకు తెలీదాండీ? మీరు చూస్తే దాచుకునే మనిషా?" అన్నాడు ఇంకొకాయన. చుట్టూ తలలు ఊగాయి. ఎవరో కుర్చీ లాగి అతన్ని మర్యాదగా కూర్చోబెట్టారు. మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు. నిన్న పొద్దున అబద్ధానికి దొరికిన నమ్మకంలో కాసింత కూడా ఇవాళ నిజానికి దొరకలేదు. పైగా మెచ్చుకోలు. ముప్ఫై ఏళ్ళుగా కూడబెట్టుకున్న పేరు గోడలా నిలబడి, ఇవతలి మాటను అవతలికి పోనివ్వలేదు.

గేటు దగ్గరనుంచి లావణ్య మెల్లగా వచ్చింది. "మరి నిన్న లేవన్నారు కదండీ?"

"అబద్ధం చెప్పానమ్మా," అన్నాడు తాతారావు. "అప్పుడూ చెప్పాను. నిన్న నీ దగ్గరా చెప్పాను."

ఆ అమ్మాయి అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఊరడించలేదు. తల ఊపి, వెనక్కి వెళ్ళి నిలబడింది. గడప దగ్గర మెర్సీ ఇదంతా చూస్తూనే ఉంది. గణేష్‌బాబును గానీ ఇంకొకరిని గానీ సరిదిద్దడానికి ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. చూపు మాత్రం తాతారావు మీదనుంచి తిప్పలేదు. తిప్పితే బాగుండునని అతననుకున్నాడు.

సమాధుల తోట నుంచి తిరిగొచ్చేసరికి ఎండ వాలింది. కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చేశారు. అందరూ వెళ్ళిపోయారు. తాతారావు వెళ్తున్నానని చెప్పడానికి వసారా మెట్టు ఎక్కి, తల పైకెత్తాడు. చూరులో, పెంకుల కింద, బూజు పట్టిన గాలం కర్ర ఒకటి దోపి ఉంది. దారం శ్రద్ధగా చుట్టే ఉంది, కొసన తను నేర్పిన ముడి ఊడలేదు, కొక్కెం మాత్రం తుప్పుపట్టి బెండులోకి కూరుకుపోయి ఉంది.