ఒక కటింగ్ ముందుండే అద్దం

ఆ సెలూన్ అద్దం ఒక కటింగ్ అంత ముందుగా నడిచేది. కుర్చీలో కూర్చోగానే పని పూర్తయిన తల కనిపించేది. నచ్చినవాళ్లు "కానీయ్" అనేవాళ్లు. నచ్చనివాళ్లు లేచి చక్కా పోయేవాళ్లు. సెలూన్ నడిపే తండ్రి "బేరాలు చెడగొట్టడానికే పుట్టావే నువ్వు" అని దాన్ని తిడుతూనే రోజూ తుడిచేవాడు.

పంతొమ్మిదేళ్ల కొడుకూ అక్కడే పని నేర్చాడు. జుట్టు మీద లేనప్పుడు కూడా గాలిలో కత్తెర టిక్కుటిక్కుమనిపిస్తూనే ఉంటాడు. ఈ పనివాళ్లందరికీ ఉన్న అలవాటే. ఒకరోజు కటింగ్ మధ్యలో ఆ చప్పుడు ఆగిపోయింది. వేళ్లు మాట వినలేదు. స్కానింగ్‌లో తలలో గడ్డ బయటపడింది.

"చేతిని ఆడించే చోటుకి ఆనుకుని ఉంది," అంది డాక్టరమ్మ. "ఆపరేషన్ మధ్యలో మీవాణ్ణి మెలకువగానే ఉంచుతాం. తను చెయ్యి ఆడిస్తూనే ఉండాలి. ఆగితే నేను తప్పు దారిలో ఉన్నట్టు. ఒక్కోసారి ఆగిన చెయ్యి తిరిగి రాదు."

"ఆగాక తెలిసి ఏం లాభమమ్మా? మా అద్దం తెస్తాను, ముందే తెలుస్తుంది," అన్నాడు తండ్రి.

"తెండి. స్పిరిట్‌తో తుడిపిస్తాను."

థియేటర్లో అద్దాన్ని కొడుక్కి కనపడకుండా, డాక్టరమ్మకి ఎదురుగా నిలబెట్టారు. అతని చేతిలో కత్తెర ఆడుతోంది. తలుపు బయట తండ్రి ఆ చప్పుడే వింటున్నాడు.

గడ్డ చాలావరకు వచ్చేసింది. చివరి ముక్క దగ్గరికి వెళ్లబోతూ డాక్టరమ్మ అద్దంలోకి చూసింది. అందులో చెయ్యి వేలాడిపోయి ఉంది. ఆమె పరికరం వెనక్కి తీసుకుంది. ఇక చాలిద్దామా అనుకుంది. అద్దంలో కత్తెర మళ్లీ ఆడింది. కానీ వదిలేసిన ముక్క రేపు పెరిగి పిల్లాణ్ణి మింగుతుంది, అంత దూరం అద్దానికి కనపడదు. కింది వైపు నుంచి వెళితే? అద్దంలో చెయ్యి వణికింది. వణుకుతూనే ఆడింది.

"ఆపకు నాన్నా," అని ఆమె అటు నుంచే వెళ్లింది.

కాసేపటికి బయట తండ్రికి కత్తెర చప్పుడు వినిపించడం ఆగిపోయింది. తలుపుకి చెవి ఆనించాడు. తలుపు తెరుచుకుని నర్సు వచ్చింది.

"గడ్డ మొత్తం వచ్చేసిందండీ."

"మరి చెయ్యి? చప్పుడు ఆగిపోయిందేం తల్లీ?"

"డాక్టరమ్మ ఇక చాలన్నారు. మీవాడు కత్తెర మూసి నాకిచ్చాడు. గుచ్చుకుంటుందని, పిడి నా వైపుకి తిప్పి మరీ ఇచ్చాడండీ."

తండ్రి అక్కడే నేల మీద కూలబడి బావురుమన్నాడు.