నలభై రోజులు మానదగ్గ ఆట

పెళ్లయి ఆరు వారాలైనా ఆ ఇంట్లో కొన్ని చిన్న సంగతులు వినీలకు ఇంకా కొత్తగానే ఉన్నాయి. గుమ్మం దగ్గర సుకుమార్ చెప్పుల పక్కన తన చెప్పులు కనిపిస్తే, లోపలికి వెళ్లబోయేదల్లా ఆగి ఒకసారి చూసుకునేది. అతను భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాడు. సాయంత్రం సందు మలుపులో వినబడే బండి చప్పుళ్లలో తమ బండి ఏదో గుర్తుపట్టడం వచ్చేసిన రోజున, ఆమె వంటింట్లో ఒక్కతే నిలబడి నవ్వుకుంది. ఇలాంటి ముచ్చట్లు ఒక్కొక్కటే పోగుచేసుకుంటున్న రోజుల్లో, ఈస్టరుకు ముందు నలభై రోజులు పాటించే శ్రమ దినాలు వచ్చాయి.

అవి మొదలయ్యే భస్మ బుధవారానికి ముందురోజు సాయంత్రం, కుటుంబ ప్రార్థన అయ్యాక మామగారు విజయ్ పాల్ బైబిలు మూసి కళ్లజోడు తీశారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఏ మాటైనా హాజరు పిలిచినట్టే మొదలుపెడతారు.

"సరే, ఈ నలభై రోజులూ ఎవరేం మానుతున్నారో చెప్పండి. నేను పేపరు చదవడం మానుతున్నాను."

"నేను టీ," అన్నారు అత్తగారు సువార్తమ్మ.

"నేను చేపల పులుసు," అన్నాడు సుకుమార్.

"పోయినేడూ అదే అన్నావు. భీమవరం హోటల్లో లాగించావని మీ ఫ్రెండే చెప్పాడు."

"అది పులుసు కాదమ్మా, వేపుడు."

ముగ్గురూ నవ్వి వినీల వైపు తిరిగారు. రామచంద్రపురంలో ఆమె పుట్టింటివాళ్లు బాప్టిస్టులు. మంచి శుక్రవారం, ఈస్టరు తప్ప అక్కడ ఈ నలభై రోజుల పట్టింపు లేదు. లూథరన్ల ఇంటికి కోడలై వచ్చాకే ఇది మొదటిసారి వినడం. మానడమంటే ఏదో ఒక చెడ్డ అలవాటు ఒప్పుకోవడం కాబోలనుకుంది. తనలో అలాంటిదేముందా అని వెతుక్కుంటే ఒకటే తట్టింది.

"వీడియో గేములండి," అంది.

"అంటే?" అన్నారు సువార్తమ్మ.

"ఫోన్లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఆడతానండి. చిన్నప్పట్నుంచీ."

విజయ్ పాల్ గారు పెద్దగా నవ్వారు. సువార్తమ్మ నవ్వలేదు. చర్చిలో స్త్రీల సమాజాన్ని ఇరవయ్యేళ్లుగా నడిపిస్తున్న మనిషి ఆవిడ. ఎవరేం చెప్పినా ముందు పూర్తిగా విని, తర్వాత ఒక్క ప్రశ్న అడుగుతారు.

"అది మంచిదా, చెడ్డదా?"

"చెడ్డదేనండి. అందుకే కదా మానడం."

"చెడ్డదైతే నలభై రోజులు మానడమేంటమ్మా? పండగ నాడు మళ్లీ మొదలెడతావా? చెడ్డది ఎప్పటికీ మానాలి. ఈ దినాల్లో దేవుడి కోసం పక్కన పెట్టేది మనకిష్టమైన మంచిదై ఉండాలి. టీలో తప్పేం లేదు. పేపర్లోనూ లేదు. అందుకే వాటిని మానుతున్నాం."

"అయితే మంచిదేనండి," అంది వినీల వెంటనే.

సుకుమార్ దగ్గు నటించాడు. సువార్తమ్మ కొడుకు వైపు చూడకుండానే, "తొందరేం లేదు," అన్నారు. "ఎలాగూ నలభై రోజులు ఆడవుగా. ఆలోచించుకో. పండగ నాడు చెప్పు. మంచిదంటే ఆడుకో, చెడ్డదంటే అంతటితో సరి. నీ మాటే ఆఖరు. నేను మళ్లీ అడగను."

ఆవిడ తిట్టినా, వద్దన్నా వినీలకు ఇంత ఇబ్బంది ఉండేది కాదు. తీర్పు తన చేతికే ఇచ్చి నమ్మేసరికి, ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

మొదటి వారం ఆటల మీద కన్నా తన మీదే ఆలోచన పోయింది. ఎప్పుడు మొదలైందిది? ఏడేళ్ల వయసులో. వాళ్లమ్మ మెర్సీ రిజిస్ట్రారు ఆఫీసులో గుమస్తా. ఒక వేసవిలో కాకినాడ వెళ్లి టీవీకి తగిలించే గేము, పసుపుపచ్చ క్యాసెట్టు కొనుక్కొచ్చింది. క్యాసెట్టు మీద పది లక్షల ఆటలని రాసి ఉంది. పక్కింటి రామతులసి, తనూ పుస్తకం పెట్టుకుని ఒక్కొక్క ఆటకీ ఒక గీత గీశారు. ఎనిమిది గీతలయ్యాక మొదటి ఆటే వేరే పేరుతో మళ్లీ వచ్చింది. ఆ తర్వాత రెండోది. రామతులసి మోసమని ఏడ్చింది. వినీలకు మాత్రం ఆ ఎనిమిదీ అయిదేళ్లకు సరిపోయాయి. కరెంటు పోతే ఎంతవరకు ఆడినా అంతా గాలికి పోయేది. మళ్లీ మొదట్నుంచే. ఇప్పటి ఆటలు ప్రతి అడుగునూ దాచిపెడతాయి. అది సుఖమే. కానీ పోయిందానికి ఏడవకుండా మళ్లీ మొదలుపెట్టే గుణం తనకేదైనా ఉంటే, అది బళ్లో కన్నా రామచంద్రపురం కరెంటు కోతల్లోనే వచ్చిందనిపించింది.

తర్వాత నాన్న ఫోన్లో పాము ఆట. అందులో శత్రువంటూ ఎవరూ ఉండరు. తిన్న తిండే తోకై అడ్డం తిరుగుతుంది. అంత తక్కువ సరంజామాతో అంత గొప్ప ఆట మళ్లీ రాలేదని ఇప్పటికీ ఆమె నమ్మకం.

ఇంటర్లో ఒకసారి ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి కార్ల పందెం ఆడింది. ఆట బాగుంది. కానీ స్క్రీను చూడాల్సిన కళ్లు గుమ్మాన్ని చూస్తూ ఉండిపోయాయి, తెలిసినవాళ్లెవరైనా వస్తారేమోనని. మళ్లీ వెళ్లలేదు. హాస్టల్లో నలుగురు ఆడపిల్లలు కలిసి ఫోన్లలో తుపాకుల ఆట ఆడేవారు. ఆడగొంతు వినబడితే చాలు, అవతల ముక్కూమొహం తెలియని మగాళ్లు కూతలు మొదలుపెట్టేవారు. వీళ్లు మైకులు ఆపేసి, సైగలతో మాట్లాడుకుంటూ గెలిచేవారు. ఆ ఆటను మంచిదనాలా, చెడ్డదనాలా? ఆ ముగ్గురూ ఈనాటికీ ప్రాణస్నేహితులు. ఆ కూతలూ ఈనాటికీ చెవుల్లోనే ఉన్నాయి.

మార్చి నెలలో ఒక ఉదయం అత్తాకోడళ్లు వంటింట్లో కూర్చుని చింతచిగురు బాగుచేస్తున్నారు. టీ మానినప్పటినుంచి సువార్తమ్మకు పొద్దున్నపూట తలనొప్పి. కణతలు నొక్కుకుంటూనే ఆవిడ అడిగారు.

"ఇంతకీ మీ ఇంట్లో ఎవరూ వద్దనలేదా ఆ ఆటలు?"

"అమ్మ కూడా ఆడేదండి," అనేసింది వినీల. అన్నాక నాలుక కరుచుకుంది.

సువార్తమ్మ చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది. "ఎవరు, మెర్సీ గారా?"

"అవునండి. ఆఫీసునించి వచ్చి, చీరైనా మార్చుకోకుండా ఒక్క పది నిమిషాలు."

"ఏం ఆడేవారు?"

"తుపాకి పట్టుకుని అడవిలో పరిగెత్తేదండి. నేనూ పక్కన పరిగెత్తేదాన్ని."

"మెర్సీ గారు," అన్నారు సువార్తమ్మ మళ్లీ, తనలో తాను. పెళ్లిలో గంజి పెట్టిన నేత చీరలో, చేతిసంచితో, ఎవరు పలకరించినా రెండు ముక్కల్లో జవాబు చెప్పిన వియ్యపురాలు ఆవిడ కళ్లముందు కనబడుతున్నట్టుంది.

"బాగా ఆడేవారా?"

"లేదండీ, దారుణంగా. తన ప్రాణాలన్నీ రెండు నిమిషాల్లో అవగొట్టేది. ఆ ఆటలో పక్కవాళ్ల ప్రాణాలు అరువు తీసుకోవచ్చు. అడక్కుండా నావి తీసేసుకునేది. నేను అరిచేదాన్ని. అప్పుడు మాత్రం అమ్మ అమ్మలా ఉండేది కాదండి. రామతులసిలా ఉండేది."

సువార్తమ్మ చేతిలో పుల్లకున్న చిగురు దూశారు. దాన్ని జల్లెడలో వేస్తూ, "సుకుమార్‌తో నేనెప్పుడూ ఏదీ ఆడలేదు," అన్నారు. "మీటింగులతోనే సరిపోయేది."

అమ్మను బయటపెట్టేశానే అని ఆ పూటంతా వినీల మథనపడింది. కానీ ఆ సంగతి ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆదివారాలు నలభైలో లెక్కకు రావని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. చెప్పింది సుకుమారే. "లెక్కేసి చూడు, ఆదివారాలు తీసేస్తేనే నలభై అవుతాయి. అమ్మ టీ తాగదు కానీ, తాగినా తప్పు కాదు."

ఈస్టరుకు రెండు వారాల ముందు, మట్టల ఆదివారానికి ముందటి ఆదివారం, భోజనాలయ్యాక అందరూ కాసేపు నడుం వాల్చారు. వినీలకు గంట దొరికింది. పెళ్లికి ముందు సగంలో వదిలేసిన ఆట ఒకటి ల్యాప్‌టాప్‌లో ఉంది. అందులో మనం పడవ నడుపుతాం. దీవి నుంచి దీవికి మనుషుల్ని దాటిస్తాం. వాళ్లు దారిలో తమ కథలు చెబుతారు. దాటించడం తప్ప గెలుపంటూ ఏమీ లేదు. నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కినప్పుడల్లా ఆమెకు ఆ ఆటే గుర్తొచ్చేది. ఇన్ని వారాలుగా, పడవలో ఎక్కించుకున్న ముసలాయన ఏ దీవిలో దిగుతానన్నాడో తలుచుకుంటూనే ఉంది.

ల్యాప్‌టాప్ తెరుచుకునేలోగా చేతిలోకి ఫోను వచ్చింది. బొటనవేలు దానంతటదే రంగురాళ్ల ఆట మీద పడింది. మూడు రాళ్లు ఒక వరసలో చేరిస్తే పగిలిపోయే ఆట. నాలుగేళ్లుగా బస్సుల్లో, క్యూల్లో ఆడుతున్నదే. ఒక్క మెట్టు అనుకుంది. తల ఎత్తేసరికి అత్తగారు మంచం దిగుతున్న చప్పుడైంది. గంటా అయిపోయింది. గెలిచిందో ఓడిందో కూడా గుర్తులేదు. కళ్లు మండుతున్నాయి. పడవ అలాగే ఆగి ఉంది.

ఆ గంట ఆమెను చాలా రోజులు వదల్లేదు. ఇష్టమైనదాన్ని పక్కనపెట్టి, ఇష్టమో కాదో కూడా తెలియనిదాని దగ్గరికి చెయ్యి ఎందుకెళ్లింది? ఆ రాళ్ల ఆటను ఈ నలభై రోజుల్లో ఒక్కసారి కూడా తలుచుకోలేదు. అయినా దాని పట్టే గట్టిది.

పండగ వారంలో ఒక సాయంత్రం డాబా మీద ఆరిన బట్టలు తీస్తూ, సుకుమార్‌కు ఇదంతా చెప్పింది. అతను దుప్పటి రెండో కొస పట్టుకుని విని, "ఇంత ఆలోచనెందుకు వినీ?" అన్నాడు. "అమ్మకి చెడ్డదని చెప్పేసెయ్. సంతోషిస్తుంది. తర్వాత మన గదిలో తలుపేసుకుని ఆడుకో. ఎవరడుగుతారు?"

"మీరు చేపల వేపుడు తిన్నట్టా?"

అతని మొహం చిన్నబోయింది. "చిన్న విషయానికి అంత మాటెందుకు?"

"చిన్న విషయమేనండి. అందుకే అబద్ధం అక్కర్లేదంటున్నాను. ఆవిడ నీ మాటే ఆఖరన్నారు. ఈ ఇంట్లో నేను చెప్పే మొదటి పెద్ద మాట ఇదే. అది దొంగమాటైతే ఎలాగండి?"

దుప్పటి మడత సరిగ్గా కుదరలేదు. ఎవరి కొస వాళ్లు వదిలేసి కిందికి దిగారు. ఇది తమ మొదటి తగాదా అని మెట్ల మీద స్ఫురించి, అంత దిగుల్లోనూ వినీలకు నవ్వొచ్చింది.

ఈస్టరు నాడు తెల్లవారుజామున ఆరాధన, సమాధుల దగ్గర పువ్వులు, తర్వాత రొయ్యలేసి వండిన చింతచిగురు, పలావు అయ్యాయి. మధ్యాహ్నం విస్తళ్లు తీశాక నలుగురూ హాల్లో కూర్చున్నారు. సువార్తమ్మ అడగనన్నారు, అడగలేదు. వినీలే మొదలుపెట్టింది.

"అత్తయ్యగారూ, మీ ప్రశ్నకి ఒక్క జవాబు రాలేదండి."

"మరి?"

ఆమె ఫోను తీసి రంగురాళ్ల ఆట చూపించింది. "ఇది చెడ్డదండి. మొన్నొక ఆదివారం నాకు గంట దొరికితే నాకు తెలీకుండా తీసేసుకుంది. ఆడినందుకు సంతోషం కూడా ఇవ్వలేదు. దీన్ని ఎప్పటికీ మానేస్తున్నాను."

అందరూ చూస్తుండగానే దాన్ని తీసేయబోయింది. నాలుగేళ్లుగా ఎక్కిన మెట్లన్నీ పోతాయి, నిజంగానే తీసేయాలా అని ఫోను అడిగింది. విజయ్ పాల్ గారు ముందుకు వంగి చూశారు.

"రెండువేల నూటనలభయ్యో మెట్టా? అంత చదువు ఒక్కసారే పోతుందేమో, చూసుకోమ్మా."

"పోనివ్వండి మావయ్యగారూ," అని నొక్కేసింది.

"మిగతావి?" అన్నారు సువార్తమ్మ.

"అన్నీ ఒకేలాంటివి కాదండి. కొన్నిట్లో మనుషులు పాడు. కొన్ని నేనే వదిలేశాను. ఇప్పుడు ఆడేది ఒకటుంది, పడవ ఆట. అది మంచిదండి. ఈ నలభై రోజులూ దాన్ని రోజూ తలుచుకున్నాను. నిజంగానే లోటనిపించింది. చెడ్డదని చెబితే మీరు సంతోషిస్తారని తెలుసు. కానీ అది అబద్ధమవుతుందండి."

సుకుమార్ తల దించుకుని, మళ్లీ ఎత్తాడు. "నేనే చెప్పమన్నానమ్మా, చెడ్డదని," అన్నాడు. "తను ఒప్పుకోలేదు."

సువార్తమ్మ కొడుకును ఒక చూపు చూసి, కోడలి వైపు తిరిగారు.

"చదువుకున్నదానివి, పెళ్లయినదానివి, బొమ్మ పడవ నడుపుతానంటే నాకింకా వింతగానే ఉంది," అన్నారు ఆవిడ నెమ్మదిగా. "ఆ ముచ్చట నాకెప్పటికీ అర్థం కాదేమో. కానీ వచ్చే ఏడు శ్రమ దినాల్లో కూడా నువ్వు అదే మాను. వేరేది చెప్పకు."

అది మందలింపో మరేదో వినీలకు వెంటనే బోధపడలేదు. విజయ్ పాల్ గారికి ముందే తెలిసి, తలాడించి మళ్లీ కళ్లజోడు పెట్టుకున్నారు. సుకుమార్ మోచేత్తో మెల్లగా పొడిచాడు. అప్పుడు ఆమెకు అర్థమైంది. ఈ ఇంట్లో నలభై రోజులు మానమనేది మంచిదాన్నే.

"అలాగేనండి," అంది. ఈస్టరు నుంచి వచ్చే భస్మ బుధవారం దాకా మధ్యలో ఎన్ని వందల రోజులున్నాయో మనసులోనే లెక్కవేసుకుంటూ, గిన్నెలు తోమడానికి లేచింది.